తోక లేని తేలు

పోయిన ఆదివారం కలకత్తా ఖిదిర్‌పూర్ బజారులో ఎండు నెత్తళ్ళు బేరం చేస్తుంటే దుబాసీ గారి గొంతు వినపడింది. ఆయన పోయిన చలికాలంలోనే కాలం చేశారు. అన్నం తిని, మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. అలాంటి చావు కోసం జనం మొక్కుకుంటారు. అందుకే ఆ గొంతు విని నాకు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. చేపలామె తక్కెడ పక్కన ఫోను నిలబెట్టుకుని వింటోంది.

"నేను ఆ సాయంత్రం పని దిగి, రెండు కమలాపళ్ళు చేత్తో పట్టుకుని ఇంటికి బయల్దేరాను," అంటున్నారు ఆయన తాపీగా. "నన్ను పొడిచినవాడు ఎవరో నాకింకా తెలియదు."

"ఎవరమ్మా ఆ మాట్లాడేది?" అని ఏమీ ఎరగనట్టు అడిగాను.

"తెల్దేటమ్మా? దుబాసీ బాబు. సంపీసినోల్ల కతలు సెప్తాడు. మరొకలు సెప్తే నాకు బయ్యమేత్తది, ఈ బాబు సెప్తే ఎయ్యదు. పక్కన ఒకావిడుంటాది గానీ, ఆవిడకి సెడ్డ తొందర. 'తర్వాతేమైంది, తర్వాతేమైంది' అని బాబుని ఊపిరి తీసుకోనీదు."

ఆ ఒకావిడను నేనే. చెప్పుకోలేదు. బేరం కూడా మానేసి, అడిగినంత ఇచ్చేసి వచ్చేశాను. ఆయన గొంతు ఆ ఎండు చేపల గంపల మధ్య అంత హాయిగా కూర్చుని ఉంటే నా పేరు చెప్పి చెడగొట్టడం దేనికి?

ఆయనా నేనూ కలిసి కొన్నేళ్ళు ఒక కార్యక్రమం నడిపాం. ఈ ఊళ్ళో, ఈ చుట్టుపక్కల జరిగి, ఎవరు చేశారో ఎన్నటికీ తేలని హత్యల గురించి తెలుగులో చెప్పి, ఫోన్లలో వినడానికి పెట్టేవాళ్ళం. ఓడరేవు క్వార్టర్లలో ఉండే మన సిక్కోలు వాళ్ళు వినేవారు. మా బ్యాంకు ఆఫీసర్ల ఇళ్ళలో భోజనాలయ్యాక వినేవారు. తెలుగు చదవడం రాని పిల్లలు కూడా, ఇంట్లో మాట్లాడే తెలుగు కదా అని, చెవుల్లో పెట్టుకుని తిరిగేవారు.

దుబాసీ అన్నది ఆయన పేరు కాదు, ఉద్యోగం. రేవులో పనిచేసే తెలుగువాళ్ళు సాక్షులుగానో ముద్దాయిలుగానో బోనెక్కితే, వాళ్ళ మాటను జడ్జిగారికి బెంగాలీలోనో ఇంగ్లీషులోనో చెప్పడం ఆయన పని. ఆ పనికి ఒక నియమం ఉంది. సాక్షి "నేను చూశాను" అంటే, దుబాసీ "ఇతను చూశాడట" అనకూడదు. తానూ "నేను చూశాను" అనే అనాలి. బోనులో ఉన్నవాడు "నేనే పొడిచాను" అని ఒప్పేసుకుంటే, ఆ పెద్దమనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్ళజోడు సర్దుకుని, "నేనే పొడిచాను" అని గౌరవంగా చెప్పాలి. జీవితమంతా ఊళ్ళో వాళ్ళ "నేను"లు మోసీ మోసీ రిటైరయ్యాక కూడా ఆయన ఆ బరువు దించుకోలేకపోయారు. దించుకోవాలనీ అనుకోలేదు.

ఆయన్ని నేను మొదట చూసింది మా బ్యాంకులో, నవంబరు నెలలో. పెన్షన్ తీసుకునేవాళ్ళు బతికే ఉన్నామని వచ్చి సంతకం పెట్టే నెల అది. వరసలో నిలబడి, వెనక ఉన్న బెంగాలీ ముసలాయనకి ఈయన ఏదో చెబుతున్నారు. "నన్ను వెనక నుంచి కొట్టారు దాదా. ఒక్క దెబ్బే. నేను అక్కడికక్కడే పోయాను. నా చెప్పు ఒకటి కాలవలో పడింది, రెండోది ఇప్పటికీ దొరకలేదు." కౌంటర్లో అమ్మాయి ముద్ర వేయబోయి చెయ్యి ఆపింది.

"దాదూ, ఇంతకీ మీరు ఉన్నారా, పోయారా?"

"నేనున్నానమ్మా. పోయింది వేరే నేను," అన్నారాయన ఏమాత్రం తొణకకుండా.

నేను నా గదిలోంచి లేచి బయటికొచ్చేశాను. హత్యలంటే నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం. చేయడం కాదు, వినడం. కృష్ణా జిల్లా నుంచి కలకత్తా బదిలీ అయ్యి, మాట్లాడేవాళ్ళు లేక నోరు పాచిపోతున్న రోజులవి. ఆయన్ని కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఆ టీ పూర్తయ్యేసరికి మేనేజరు రెండుసార్లు తొంగి చూసి వెళ్ళాడు, నాకు మాత్రం ఆ రెండో చెప్పు ఏమైందన్నదే ధ్యాస.

అలా మొదలైంది. రికార్డింగు వాళ్ళింట్లోనే, బొంతలు పరుపులు పేర్చే చిన్న గదిలో. బయటి చప్పుడు రాకూడదని తలుపు వేసుకునేవాళ్ళం గానీ, వాళ్ళావిడ వంటగదిలో కుక్కర్ కూత మాత్రం ఏ తలుపుకీ ఆగేది కాదు. ఆవిడకి హత్యల మీద ఆసక్తి లేదు. అయినా మర్యాదకి తలుపు తీసి, "ఇవాళ పోయినాయన అన్నం తిని పోయాడా, తినకుండానా?" అని అడిగేది. తినకుండా అంటే, "అయ్యో పాపం" అని మాకు ఇంకో రెండు గారెలు ఎక్కువ పెట్టేది.

ఒకసారి నేను ఉత్సాహం కొద్దీ మధ్యమధ్య ధడ్ ధడ్ మని భయపెట్టే వాయిద్యం కలిపాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. వింటూ వింటూ, "ఎవరమ్మా తలుపు కొడుతున్నారు? వెళ్ళి చూడు," అన్నారు. అంతే, ఆ తర్వాత మా కార్యక్రమంలో వాయిద్యం లేదు.

సాక్షుల్ని అడగడంలో ఆయన పద్ధతి వేరు. తారీఖులు అడిగేవారు కాదు. "తారీఖులు కోర్టువి, జనానివి కావు," అనేవారు. "ఆ రోజు వీధిలో ఏ ఠాకూరు బొమ్మ నిమజ్జనానికి లారీ ఎక్కింది?" అని అడిగేవారు. ఈ ఊళ్ళో పూజ లేని నెల లేదు. సరస్వతిని చూశామన్నారంటే మాఘమాసం, కార్తీకుణ్ణి చూశామన్నారంటే చలి మొదలైంది. మట్టి ముంతలో టీ తాగేసి, ఎదుటివాళ్ళు మాట్లాడడం ఆపేదాకా ఆ ఖాళీ ముంతని చేతిలోనే పెట్టుకునేవారు. పారేస్తే వెళ్ళిపోతున్నారనుకుని సాక్షి మాట తుంచేస్తాడట. నేను చేతి గడియారం చూసుకుంటే, "సాక్షికి తొందర లేదమ్మా. తొందరంతా మనదే," అని మందలించేవారు.

బస్సులో మాత్రం ఆయనతో కూర్చోవడం కష్టం. ఏదో కేసు గుర్తొచ్చి, బెంగాలీలో, నిండు బస్సులో, "నా గొంతు నులిమినప్పుడు నేను కిటికీ వైపు చూస్తున్నాను," అని మొదలుపెట్టేవారు. ఓసారి ఒక కుర్రాడు భయపడి లేచి సీటిచ్చేశాడు. "చూశావా, ఈ ఊళ్ళో చచ్చినవాళ్ళకి కూడా సీటిస్తారు," అని ఆయన దర్జాగా కూర్చుని, గొడుగు ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ గొడుగు ఎండా వానా మంచూ తేడా లేకుండా ఆయనతోనే ఉండేది.

ఇంకో నియమం ఉంది. దాని మీద మేము పోట్లాడుకోని వారం లేదు. ఏ కథైనా ముందు పోయినవాళ్ళ ఇంటికి తీసుకెళ్ళి వినిపించాలి. వాళ్ళు సరేనన్నాకే బయటికి. ఒక తల్లి మొత్తం విని, కళ్ళు తుడుచుకుని, "అంతా బాగుంది గానీ, మావాడికి కాకరకాయ ఇష్టం లేదని చెప్పారు. తప్పు. నేను వండితే ఇష్టమే," అంది. దానికోసం మళ్ళీ వెళ్ళి బొంతల గదిలో కూర్చుని ఆ ముక్క రికార్డు చేశాం. నాకు ఒళ్ళు మండింది. వినేవాళ్ళేమో హంతకుడెవరు, హంతకుడెవరు అని రోజూ అడుగుతున్నారు, ఈయనేమో కాకరకాయ సరిదిద్దుతున్నాడు!

"హంతకుడు లేని హత్యకథ తాళింపు లేని పప్పండీ," అన్నాను.

"తాళింపు లేకపోయినా కడుపు నిండుద్ది కదమ్మా. తాళింపు కోసం ఎవడిదో ఇల్లు అంటించకూడదు."

అనుమానం ఉన్నవాడి పేరు ఆయన ఒక్కసారీ చెప్పలేదు. వీధంతా ఒకడి వైపు వేలు చూపించినా సరే, "వీధికి తెలుసేమో, నాకు తెలీదు," అనేసేవారు. అందువల్ల మాకు వినేవాళ్ళు తగ్గారా అంటే తగ్గారు. తగ్గినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు ఆ చేపలామె లాంటివాళ్ళు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ బేరం నాకు నష్టమనిపించదు.

పైడమ్మ తనంతట తానే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఏక్‌బాల్‌పూర్‌లో, రేవుకి దగ్గర్లో ఒక గదిలో ఉంటుంది. ఆమె భర్త ఓడల్లో సరుకు ఎత్తి దించే పని చేసేవాడు. చాలా ఏళ్ళ కింద ఒక సాయంత్రం పని ముగించుకుని రేవు గేటు దాటాడు. దాటడం నలుగురూ చూశారు. ఇంటికి మాత్రం చేరలేదు. పోలీసులకి చెప్పింది, వాళ్ళు రాసుకున్నారు. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు. శవం లేకపోతే హత్య లేదు, హత్య లేకపోతే వీధికి మిగిలిన మాట ఒక్కటే: ఎవర్తినో తీసుకుని లేచిపోయాడు. అప్పట్నుంచీ ఆమె ఆ సందులో ఎల్లిపోయినోడి పెళ్ళాం. పేరంటాలకి పిలవరు. వేరే సందులో ఉండే సొంత ఆడపడుచు కూడా, తన అన్నని ఇంట్లో నిలుపుకోలేకపోయిందని, ఈమెతో మాట మానేసింది.

"ఎవుడు సంపేడో నాకక్కర్నేదు బాబూ," అంది పైడమ్మ. "ఆడు నన్నొగ్గీసి పారిపోనాడా, సచ్చిపోనాడా? ఆ ఒక్క మాట తేల్చీండి. నాను ముసల్దాన్నయిపోనాను. తేలకుండా పోతే నా మనసు ఊరుకోదు."

నేను వెంటనే ఆ రోజు ఏమైంది, గొడవలెవరితో, అప్పటి కూలీల సర్దారు ఎలాంటివాడు అని మొదలుపెట్టాను. దుబాసీ గారు గొడుగు కొనతో నా కాలు మెల్లగా తట్టి, ఆమె వైపు తిరిగారు.

"మీ ఆయన దేనికి నవ్వేవాడమ్మా?"

ఆమె తెల్లబోయింది. ఇన్నేళ్ళలో ఆయన ఎక్కడికి పోయాడని తప్ప, ఎలాంటివాడని అడిగినవాళ్ళు లేరు కాబోలు. ఆమె నోరే ముందు నవ్వింది.

"ఆడి సెయ్యి మీద తేలు పచ్చబొట్టుండీది. దాన్ని సూసి ఆడే నవ్వుకునీవోడు. గుంటడప్పుడు తీర్తంలో పొడిపించుకున్నాడంట. సగం పొడిసేసరికి నొప్పెట్టి కుయ్యోమొర్రోమని ఏడుసుకుంటా పరిగెట్టీసినాడు. తేలుకి తోక నేదు. 'నా తేలు కుట్టదే' అనీవోడు."

ఆ రోజు ఇద్దరూ ఆ తేలు గురించి, ఆయన పాడే పాటల గురించి, చేపల పులుసులో ఆయన ఏరుకునే ముక్క గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను టీ ముంత పారేయబోయి, గుర్తొచ్చి ఆగాను.

నది సముద్రం వైపు లాగేవేళ రేవు దగ్గర పడింది ఏదైనా, మనిషైనా, కిందికి పోతుంది. అందుకని మేము సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి ఒక్కొక్క రేవూ, ఒక్కొక్క మెట్లవరసా దిగుతూ వెళ్ళాం. పాతవాళ్ళని వెతికి, చేతి మీద తేలు పచ్చబొట్టున్న మనిషి ఎప్పుడైనా కొట్టుకొచ్చాడా అని ఆయన బెంగాలీలో అడిగేవారు. లేదు బాబూ, తేలు లేదు. ఎక్కడికెళ్ళినా ఇదే జవాబు. ఎండలు పోయి వానలొచ్చాయి. నేను విసుక్కున్నాను, ఆయన విసుక్కోలేదు. ప్రతిసారీ తిరిగి వస్తూ పైడమ్మ ఇంటి దగ్గర దిగేవారు.

"ఏమీ లేనప్పుడు ఎందుకండీ దిగడం?" అన్నాను చిరాగ్గా.

"ఏమీ దొరకలేదని చెప్పాల కదమ్మా. ఆమెకి అది కూడా ఎవరూ చెప్పలేదు ఇన్నాళ్ళూ."

పైడమ్మ ఆ మాట విని, తలూపి, మాకు అన్నం పెట్టేది. ఆ ఇంట్లో తిన్న నెత్తళ్ళ ఇగురు రుచి నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఒకరోజు బజ్ బజ్ వెళ్ళే బస్సులో ఆయన ఉన్నట్టుండి నా సంచిలోంచి పెన్ను లాక్కుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, ముంజేతి మీద బొమ్మ గీయడం మొదలుపెట్టారు. ముందు రెండు డెక్కలు, గుండ్రటి ఒళ్ళు, చుట్టూ కాళ్ళు. అక్కడ ఆపేశారు.

"ఏంటండీ ఇది?"

"తోక లేని తేలు. బతుకంతా మాటలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి మోశానమ్మా, అలవాటు కొద్దీ ఇప్పుడూ మాటే మోస్తన్నాను. చూసినవాడు చూసింది మాట కాదు, బొమ్మ. ఇవాళ నోరు మూసుకుని అడుగుదాం."

బజ్ బజ్‌లో జనపనార మిల్లు పక్కన, నదిలోకి దిగే మెట్ల దగ్గర, ఒక ముసలావిడ టీకొట్టు ఉంది. అందరూ ఆవిడని మాషీ అంటారు, అంటే పిన్ని. అంతకుముందు ఒకసారి ఆమెని కూడా అడిగాం. తేలు లేదని చెప్పింది. ఆయన టీ పుచ్చుకుని, మాట్లాడకుండా చెయ్యి చాపారు. ఆవిడ కళ్ళజోడు లేదని కొంగుతో కళ్ళు తుడుచుకుని, వంగి చూసింది.

"అరే, ఇది కాంక్డా కదా," అంది. కాంక్డా అంటే పీత. "మా కాంక్డా దాదా చేతి మీద పీత! మీకెవరు చెప్పారు బాబూ?"

దుబాసీ గారు చెయ్యి వెనక్కి తీసుకోలేదు, ముంత కిందపెట్టలేదు, కదల్లేదు. ఆవిడ తన తీరున తాను చెప్పుకుపోయింది. ఆ రోజు విశ్వకర్మ పూజ. మిల్లుకి సెలవు. ఆకాశం నిండా గాలిపటాలు. తెగిన గాలిపటం కోసం పిల్లలు మెట్ల మీదికి పరిగెత్తి కేకలు పెట్టారు. నీళ్ళలో మనిషి. చేతులు వెనక్కి విరిచి నారతాడుతో కట్టేసి ఉన్నాయి. ముంజేతి మీద పీత బొమ్మ, నడుముకి నల్ల మొలతాడు, దానికొక చిన్న తాళంచెవి. పోలీసులు వచ్చారు, తీసుకెళ్ళారు, పీత పచ్చబొట్టున్న మనిషని రాసుకున్నారు. అక్కడేమో తేలు మనిషి కోసం చూస్తున్నారు, ఇక్కడేమో పీత మనిషి కోసం ఎవరూ రాలేదు. రాసినవాళ్ళది తప్పు కాదు. తోక లేని తేలుని చూసి, అది తేలు అని బెంగాలీవాడెందుకనుకుంటాడు? పీత ఆ ఊళ్ళో రోజూ కూర.

"ఎవరూ రాకపోతే దిక్కులేని వాళ్ళతో కలిపేస్తారని మా ఆయన మిల్లు వాళ్ళని వెంటేసుకుని వెళ్ళి అడిగి తెచ్చారు," అంది మాషీ. "నిప్పు ఆయనే పెట్టారు. కులమేదో తెలీదు, పేరు తెలీదు. ఆ ఏడు మహాలయ పొద్దున నదిలో దిగి, మా మామగారికి నీళ్ళు వదిలాక, కాంక్డా దాదాకి ఒక దోసెడు అని వదిలారు. ఇక ఏటా అంతే. ఆయన పోయాక మా అబ్బాయి వదుల్తున్నాడు. మేము చేసింది తప్పా బాబూ?"

దుబాసీ గారు తప్పు కాదని చెప్పలేదు. ముంత పక్కనపెట్టి, లేచి, ఆవిడ కాళ్ళకి దండం పెట్టారు. ఆవిడ కంగారుపడి లేచి నిలబడింది. నేను నదివైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాను. ఎవరూ లేరనుకున్న మనిషికి ఏటా నీళ్ళు అందుతూనే ఉన్నాయి. ఆ రోజు నాకు ఈ ఊరి మీద పుట్టిన ప్రేమ ఇంక తగ్గలేదు.

తిరుగు బస్సులో ఆయన ముంజేతి మీది బొమ్మ చెరగకుండా చొక్కా చెయ్యి మడిచే ఉంచారు. ఏక్‌బాల్‌పూర్‌లో దిగి, పైడమ్మ గదిలో చాప మీద కూర్చున్నాక, "మీ ఇంట్లో ఇనప పెట్టె తాళంచెవి ఏమైందమ్మా?" అని అడిగారు.

"పెట్టె బద్దలుకొట్టి తీసినాం బాబూ. సెవి ఆడి మొలతాడుకే ఉండీది." అంటూనే ఆమె ఆగిపోయింది. ఆయన మొహంలోకి చూసింది. "దొరికినాడా?"

ఆయన అంతా చెప్పారు, మాషీ చెప్పినది చెప్పినట్టు. కట్టేసిన చేతుల సంగతి కూడా దాచలేదు. పైడమ్మ ఏడవలేదు. మోకాళ్ళ చుట్టూ చేతులేసుకుని వింది.

"నిప్పెట్టినారా?"

"పెట్టారమ్మా."

"నీల్లు?"

"ఏటా."

అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. దుబాసీ గారు అక్కడే కూర్చున్నారు. వెళ్దామని నేనూ అనలేదు.

కొన్ని వారాల్లో కథ సిద్ధమైంది. నియమం ప్రకారం ముందు ఆమెకి వినిపించాం. విని, "ఇది ఫోన్లోకి ఎట్టీ ముందు మా ఈదిలో సెప్పాల. మైకులో. నువ్వే నిలబడి సెప్పాల బాబూ," అంది.

ఆ సందు వాళ్ళకి అమ్మవారి పండక్కి వాడుకునే మైకు సెట్టు ఉంది. దాన్ని పట్టించుకొచ్చి, ఒక ఆదివారం సాయంకాలం, కుళాయి దగ్గర స్తంభానికి కట్టారు. ఎల్లిపోయినోడి పెళ్ళాం ఇంటి ముందు మైకేమిటని జనం చేరారు. దూరంగా, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక పెద్దావిడ నిలబడింది. ఆడపడుచని తర్వాత తెలిసింది. దుబాసీ గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. కళ్ళజోడు సర్దుకుని, కోర్టు గొంతుతో మొదలుపెట్టారు.

"నేను పారిపోలేదు. ఆ సాయంత్రం పని ముగించుకుని గేటు దాటి ఇంటికి బయల్దేరాను. ఇంటి పెట్టె తాళంచెవి నా మొలతాడుకే ఉంది. నా చేతులు కట్టేశారు. నన్ను చంపేశారు. నది నన్ను బజ్ బజ్ తీసుకెళ్ళింది. నాకు నిప్పు పెట్టినాయనకి నా పేరు తెలియదు. ఆయన పేరు నాకు తెలియదు. ఏటా ఆయన నాకు నీళ్ళిచ్చాడు."

"సంపింది ఆ సర్దారే కదేటి?" అని గుంపులోంచి ఎవరో అరిచారు.

"నన్ను ఎవరు చంపారో నాకు తెలియదు," అన్నారాయన. "తెలియనిది చెప్పను. నేను పారిపోలేదన్నది మాత్రం తెలుసు."

ఆ సందులో తెలుగు రాని ఇళ్ళు కూడా ఉన్నాయి. వాళ్ళ కోసం అదే మళ్ళీ బెంగాలీలో చెప్పారు, ఆ తర్వాత హిందీలో. మూడుసార్లూ ఎవరూ కదల్లేదు. చివర్లో ఆయన గొంతు జీరబోయింది. మైకు ఆపి, కుళాయి నీళ్ళు దోసిట పట్టి తాగి, పైడమ్మ గుమ్మంలో వచ్చి కూలబడ్డారు. మొహం చూస్తే ఆ పూటకి ఇంకేమీ అక్కర్లేని మనిషిలా ఉన్నారు.

ఒక్కొక్కరే ఆడవాళ్ళు గదిలోకి వచ్చారు. చివరికి ఆడపడుచు వచ్చింది. పైడమ్మని పట్టుకుని భోరుమంది. ఏడుపు నిదానించాక, ఎక్కడో చూస్తూ, "వదినా... మరి బొట్టు..." అని ఆగిపోయింది. అనక తప్పని మాట. భర్త పోయాడని తేలిపోయింది కదా. గదిలో అందరూ తలలు వంచుకున్నారు. నాకు మాత్రం కోపం నషాళానికంటింది. మనిషి పోయాడని తేల్చింది దీనికోసమా అనిపించింది. దుబాసీ గారు నా వైపు చూసి, వద్దని తలాడించారు.

పైడమ్మ లేచి గోడకున్న చిన్న అద్దం దగ్గరికి వెళ్ళింది. కొంగుతో నుదురు తుడుచుకుంది. నున్నగా అయ్యేదాకా తుడుచుకుంది. తర్వాత గూట్లోంచి కుంకుమ భరిణ తీసి, ఉంగరం వేలు నిండా అద్దుకుని, అంతకుముందు ఎన్నడూ పెట్టనంత పెద్ద బొట్టు పెట్టుకుని మా వైపు తిరిగింది.

"ఇన్నాల్లూ పారిపోయినోడి కోసం సిగ్గు నేకుండా ఎట్టుకుంతందని నవ్వినారు. ఇప్పుడు నవ్వండి. నా మొగుడు నా ఇంటికి వత్తా వత్తా పోనాడు."

ఎవరూ నవ్వలేదు. అందరికంటే ముందు ఆడపడుచే కదిలింది. వదిన ఎదురుగా వెళ్ళి నిలబడి, భరిణ ఉన్న ఆ చేతిని పట్టుకుని, నుదురు ముందుకు వంచింది.

"నాకూ ఎట్టు వదినా," అంది.